పిల్లల టీమ్‌కి హైలైట్ వీడియో: ఫోన్ యాప్ సరిపోతుందా, కంప్యూటర్ ముందు కూర్చోవాలా?

సీజన్ అయిపోగానే టీమ్ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు, "పిల్లల ఆటంతా కలిపి ఒక వీడియో చేస్తే ఎంత బాగుంటుందో!" అని. కిందంతా చప్పట్ల ఎమోజీలు. చేసేదెవరు అన్న దగ్గరికొచ్చేసరికి అందరూ గప్‌చుప్. చివరికి ఫోన్లో కాస్తో కూస్తో ఎడిటింగ్ తెలిసినవాళ్ల నెత్తిన పడుతుంది. ఆ మనిషి మీరే అయితే ఈపాటికి "ఏ యాప్ మంచిది" అని వెతకడం మొదలుపెట్టే ఉంటారు.

యాప్ సంగతి కాసేపు ఆగనివ్వండి. ముందు తేలాల్సింది ఈ వీడియో ఎవరు చూడటానికి అన్నది. నిడివి ఎంత, పాట పెట్టాలా, స్లో మోషన్ వాడాలా, అడ్డంగా తీయాలా నిలువుగానా, అన్నీ దాన్నిబట్టే మారతాయి.

టీమ్ కోసమా, ఒక్కరి కోసమా?

టీమ్ వీడియో చూసేది పిల్లలు, వాళ్ల ఇంట్లోవాళ్లు, కోచ్. వాళ్లకి స్కోరు ఎలాగూ తెలుసు. వాళ్లు చూడాలనుకునేది మళ్లీ ఆ రోజుని. గోల్ ఎంత ముఖ్యమో, గోల్ పడ్డాక బెంచీ మీద నుంచి ఎగిరిన పిల్లాడూ అంతే ముఖ్యం. పాట ఉండొచ్చు, స్లో మోషన్ ఉండొచ్చు, నవ్వులాటా ఉండొచ్చు.

సెలెక్టర్‌కో, పెద్ద టీమ్ కోచ్‌కో పంపే వీడియో అలా కాదు. అందులో ఉండాల్సింది ఒక్క ఆటగాడు. ఏ జెర్సీ నంబరో మొదట్లోనే చెప్పాలి. ప్రతి క్లిప్పు మొదలయ్యే ముందు ఒక్క క్షణం ఫ్రేమ్ ఆపి అతని చుట్టూ గుండ్రం గీయాలి. అన్నిటికన్నా మంచి క్లిప్పులు ముందే రావాలి, ఎందుకంటే అలాంటివి చూసీ చూసీ ఉన్నవాళ్లు చివరిదాకా చూస్తారన్న నమ్మకం పెట్టుకోలేం. పాట అక్కర్లేదు, స్లో మోషన్ అసలే వద్దు. పిల్లాడి అసలు వేగం ఎంతో చూద్దామని కూర్చున్న మనిషికి దాన్ని సగం చేసి చూపిస్తే ఏం లాభం? బంతి కాలికి తగిలిన క్షణం కంటే, అది రాకముందు ఎక్కడ నిలబడ్డాడు, ఇచ్చేశాక ఏం చేశాడు అన్నవి వాళ్లు ఎక్కువ చూస్తారు. కాబట్టి క్లిప్పుకి ముందూ వెనకా కాస్త వదలాలి.

ఈ రెండిటినీ ఒకే వీడియోలో ఇరికించే ప్రయత్నం తరచూ జరుగుతుంది. ఫలితంగా టీమ్ వీడియోలో ఒకే పిల్లాడు పదేపదే కనిపిస్తాడు. మిగతా ఇళ్లలో ఆ వీడియో రెండోసారి ఎవరూ చూడరు. రెండూ కావాలంటే రెండూ విడివిడిగా చేయండి, ఫుటేజ్ ఎలాగూ ఒకటే.

ఇక టూల్స్

ఒక్క మ్యాచ్, ఒక్క ఫోన్లో తీసిన ఫుటేజ్, రెండు నిమిషాల వీడియో: దీనికి ఫోన్ యాప్ చాలు. క్యాప్‌కట్, ఇన్‌షాట్, వీఎన్, కైన్‌మాస్టర్, ఐఫోన్‌లో అయితే ఐమూవీ. వీటిలో ఏది గొప్పదన్న చర్చకి నేను పెద్దగా విలువివ్వను. మీ చేతికి అలవాటైంది ఏదైతే అదే. క్యాప్‌కట్ అన్ని దేశాల్లో దొరకదు, కైన్‌మాస్టర్ ఉచితంగా వాడితే వీడియో మీద దాని పేరు ముద్ర, అంటే వాటర్‌మార్క్ పడుతుంది, ఐమూవీ ప్రధానంగా అడ్డం వీడియోల కోసం చేసింది. ఏ యాప్ అయినా సరే, పని మొదలుపెట్టకముందు ఒక పది సెకన్ల క్లిప్పు వేసి, మీరు వాడాలనుకున్న ఎఫెక్టు పెట్టి, చివరిదాకా ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. ఉచితమని చెప్పి తీరా సేవ్ చేసేటప్పుడు "ఈ ఎఫెక్టుకి డబ్బు కట్టాలి" అనే యాప్‌లు చాలానే ఉన్నాయి. రాత్రంతా కూర్చుని చేశాక ఆ మెసేజ్ కనబడితే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఫోన్‌కి రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది స్టోరేజ్. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో యాపిల్ ఇచ్చిన లెక్కే చూడండి: 1080పీ (ఫుల్ హెచ్‌డీ స్పష్టత), సెకనుకి 30 ఫ్రేములైతే (అంటే 30 బొమ్మలు) నిమిషానికి దాదాపు 60 ఎంబీ. 60 ఫ్రేములైతే 90 ఎంబీ. అదే 4కే (అంతకు నాలుగింతల పిక్సెళ్లు), 60 ఫ్రేములైతే నిమిషానికి 400 ఎంబీ. అంటే గంట ఆట 1080పీలో అయిదున్నర జీబీ లోపే, 4కేలో 24 జీబీ. నాలుగైదు మ్యాచ్‌లు కలిసేసరికి చాలా ఫోన్లు చేతులెత్తేస్తాయి. రెండోది తెర. మైదానం మొత్తం కనబడేలా తీసిన షాట్‌లో బంతి ఆవగింజంత ఉంటుంది. అరచేతిలో తెర మీద ఏ ఫ్రేము దగ్గర కట్ చేయాలో వెతికి వెతికి కళ్లు లాగేస్తాయి.

అందుకే సీజన్ మొత్తం కలిపి చేసేటప్పుడు, లేదా ఇద్దరు ముగ్గురు తీసిన ఫుటేజ్ కలపాల్సినప్పుడు కంప్యూటర్ మంచిది. ఉచితంగా దొరికేవాటిలో నేను ముందు చెప్పేది డావిన్చీ రిజాల్వ్. ఉచిత వెర్షన్‌లోనే వాటర్‌మార్క్ లేకుండా 4కే, 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ అవుతుంది (డబ్బు కట్టిన వెర్షన్‌కే పరిమితమైన ఎఫెక్టు వాడితే మాత్రం దాని మీద ముద్ర పడుతుంది). సినిమాలకి కూడా వాడే సాఫ్ట్‌వేర్ కాబట్టి మొదటిసారి తెరిస్తే బెంబేలెత్తుతారు. భయపడకుండా కట్ అనే పేజీలోనే ఉండిపోండి. అందులో సోర్స్ టేప్ అని ఒక బటన్ ఉంది. అది నొక్కితే మీరు వేసిన క్లిప్పులన్నీ ఒకే పొడవాటి టేపులా వరసగా కనిపిస్తాయి. ఒక్కో ఫైలూ తెరవకుండా జరుపుకుంటూ పోయి, నచ్చిన చోట మొదలూ చివరా గుర్తుపెట్టుకుని కిందకి దించుకోవడమే. ఆటల ఫుటేజ్‌కి ఇంతకన్నా సుఖమైన పద్ధతి నాకు కనబడలేదు.

దీనికి కాస్త బలమైన కంప్యూటర్ కావాలి. ర్యామ్ 16 జీబీ ఉంటే హాయి. పాత ల్యాప్‌టాప్ అయితే షాట్‌కట్, కేడెన్‌లైవ్ తేలిగ్గా ఉంటాయి, రెండూ పూర్తిగా ఉచితం. విండోస్ 11లో క్లిప్‌చాంప్ ముందే ఉంటుంది, 1080పీ దాకా వాటర్‌మార్క్ లేకుండా ఇస్తుంది, నేర్చుకోవడానికి పెద్ద సమయం పట్టదు. మ్యాక్ ఉంటే ఐమూవీతో మొదలుపెట్టొచ్చు.

ఫోన్ ఫుటేజ్‌ని కంప్యూటర్‌లో వేస్తే రెండు పేచీలొస్తాయి. వీడియో ఆగి ఆగి నడుస్తుంటే కారణం తరచూ హెచ్.265 అనే ఫార్మాట్. అది చోటు ఆదా చేస్తుంది గానీ పాత కంప్యూటర్లకి బరువు. ప్రాక్సీ ఫైళ్లు తయారుచేయమని సాఫ్ట్‌వేర్‌కి చెబితే చిన్న కాపీలతో ఎడిట్ చేసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్‌లో అసలు ఫైళ్లే వాడుతుంది. రెండో పేచీ, క్లిప్పు సాగేకొద్దీ బొమ్మకీ శబ్దానికీ పొంతన తప్పడం. ఫోన్లు ఫ్రేమ్ రేటుని అటూ ఇటూ మారుస్తూ రికార్డ్ చేస్తాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకుని తెచ్చుకుంటే సర్దుకుంటుంది. షాట్‌కట్ అయితే అలాంటి ఫైలు వేయగానే మార్చమంటారా అని తనే అడుగుతుంది.

ప్రీమియర్ ప్రో, ఫైనల్ కట్ ప్రో లాంటివి మీ దగ్గర ముందే ఉంటే వాడండి. ఈ ఒక్క పని కోసం కొనకండి.

మనిషి లేకుండా కెమెరానే ఆటను వెంబడించే పద్ధతి ఇంకోటి ఉంది. వియో, పిక్సలాట్ లాంటి కంపెనీల కెమెరాలు ఎత్తుగా బిగిస్తే మైదానం మొత్తం రికార్డ్ చేసి, బంతి ఎటుంటే అటు తిరిగినట్టుగా వీడియో తయారుచేసి, గోల్స్‌ని తామే గుర్తుపెడతాయి. ప్రతి వారం మ్యాచ్ ఉండి, తీసే మనిషి దొరక్క, కోచ్ కూడా ఆ ఫుటేజ్‌ని పాఠాలకి వాడుకుంటానంటే ఖర్చు పెట్టొచ్చు. హైలైట్ వీడియో కోసమే అయితే దండగ. దానికి బంతి తెలుసు, పిల్లలు తెలియరు. గోల్ పట్టుకుంటుంది కానీ, అయిదు మ్యాచ్‌లు బెంచీ మీదే ఉన్న అమ్మాయి ఆరో మ్యాచ్‌లో తొలిసారి మైదానంలోకి పరిగెత్తడం దానికి హైలైట్ కాదు. మీకు అదే అసలు హైలైట్.

ఏరడంలోనే ఉంది అంతా

ఏ టూల్ తీసుకున్నా ఎక్కువ సమయం తినేది క్లిప్పులు ఏరడమే. ఇది ఎంత బాగా చేస్తే తర్వాత పని అంత తేలిక. మ్యాచ్ జరుగుతుండగానే ఫోన్లో నోట్ పెట్టుకునే అలవాటుంటే సగం శ్రమ తప్పుతుంది: "రెండో సగం, 12వ నిమిషం, 7 నంబర్ అడ్డుకున్నాడు." అలవాటు లేకపోతే ఇంటికొచ్చాక రెండింతల వేగంతో చూస్తూ గుర్తుపెట్టుకోవాలి.

పక్కనే టీమ్ పేర్ల జాబితా కాగితం మీద ఉంచుకోండి. ఒక్కో క్లిప్పు తీసుకున్నప్పుడల్లా అందులో కనబడే పిల్లల పేర్ల ఎదురుగా టిక్కు పెట్టండి. ఏరడం అయ్యాక చూస్తే స్ట్రైకర్‌కి బోలెడు టిక్కులుంటాయి, గోల్‌కీపర్‌కి ఒకటి, ఇద్దరు ముగ్గురికి సున్నా. ఆ సున్నాలని నింపకుండా ఎడిటింగ్ మొదలుపెట్టకండి. ఆటలో దొరక్కపోతే వార్మప్‌లో, మ్యాచ్‌కి ముందు అందరూ గుమిగూడి అరిచే చోట, చివర్లో చేతులు కలిపే చోట దొరుకుతారు. వీడియో వచ్చాక పిల్లలు ముందు చూసేది తాము ఎక్కడున్నామనే. లేని పిల్లాడు ఏమీ అనడు, కానీ వాళ్లమ్మ మీకు ఫోన్ చేస్తుంది.

ఇప్పుడు ఒక్క గోల్‌ని దగ్గరగా చూద్దాం. ఫుటేజ్ ఇలా ఉందనుకోండి: మధ్య మైదానంలో ఒక అమ్మాయి అవతలివాళ్ల కాలికింద నుంచి బంతి లాక్కుంది, కుడివైపుకి పాస్ ఇచ్చింది, అక్కడి నుంచి బంతి గోల్ ముందుకొచ్చింది, మొదటి షాట్ కీపర్ ఆపాడు, తిరిగొచ్చిన బంతిని ఇంకొకరు లోపలికి తన్నారు. అంతా కలిపి 12 సెకన్లు. చాలామంది చివరి 3 సెకన్లే ఉంచుతారు: తన్నడం, వలలో పడటం. చూసేవాళ్లకి అది "ఓహో, గోల్" అంతే. మొత్తం 12 సెకన్లు ఉంచితే అదొక చిన్న కథ అవుతుంది. కీపర్ ఆపినప్పుడు "అయ్యో" అంటారు, ఆ వెంటనే ఎగిరి గంతేస్తారు. పైగా బంతి లాక్కున్న అమ్మాయికి దక్కాల్సింది దక్కుతుంది.

ఆ 12 సెకన్ల మధ్యలో కట్ పెట్టొద్దు. దగ్గరగా తీసిన ఇంకో షాట్ ఉంది కదా అని మధ్యలో దూర్చితే బంతి ఎటు పోతోందో అర్థం కాదు. వలలో పడ్డాక మరో రెండు సెకన్లు అలాగే ఉంచి, అప్పుడు బెంచీ వైపుకో, కోచ్ ముఖానికో మారండి. రెండు కెమెరాలు మైదానానికి చెరోవైపు ఉండి ఉంటే ఇంకో చిక్కు: ఒక షాట్‌లో మన టీమ్ కుడికి దాడి చేస్తుంటే, మరో షాట్‌లో ఎడమకి పోతున్నట్టు కనబడుతుంది. అలా కలపాల్సి వస్తే రెండిటి మధ్యా ఒక ముఖం షాటో, ప్రేక్షకుల షాటో పెట్టండి.

అన్ని ఆటలకీ ఇంత నిడివి అక్కర్లేదు. క్రికెట్‌లో బౌలర్ రనప్ చివరి అడుగుల నుంచి వికెట్ పడ్డాక బౌలర్ చేతులెత్తేదాకా చాలు. కబడ్డీలో మాత్రం రైడ్ మొత్తం ఉంచాలి, కూత మొదలవడం నుంచి గీత తాకేదాకా. మధ్యలో కోస్తే ఉత్కంఠ అంతా పోతుంది.

స్లో మోషన్ ఉందిగా అని

స్లో మోషన్ బాగుండాలంటే అది తీసేటప్పుడే ఖాయమవుతుంది. సెకనుకి 60 ఫ్రేములతో తీసింది 30 ఫ్రేముల వీడియోలో వేస్తే సగం వేగానికి శుభ్రంగా తగ్గుతుంది. 120తో తీస్తే నాలుగో వంతుకి. 30తో తీసినదాన్ని తగ్గిస్తే ఉన్న ఫ్రేములే రెండేసిసార్లు పడి గతుకులుగా ఉంటుంది, లేదా సాఫ్ట్‌వేర్ మధ్య ఫ్రేములు తనే ఊహించి వేస్తుంది. అప్పుడు బంతి మరకలా సాగుతుంది, కాళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి వచ్చే సీజన్‌కి ఒకే ఒక్క మార్పు చేస్తానంటే ఫోన్‌ని 60 ఫ్రేములకి మార్చండి. ఇండోర్ కోర్టులో లైట్లు మిణుకుమంటున్నట్టు పడితే కరెంటు ఫ్రీక్వెన్సీకి తగ్గట్టు, 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో 25 లేదా 50 ఫ్రేములు వాడితే చాలావరకు తగ్గుతుంది.

వాడకంలో నాదొక్కటే నియమం: ముందు అసలు వేగంతో చూపించి, తర్వాతే స్లో మోషన్ రీప్లే. అదీ మొత్తం వీడియోలో రెండు మూడు చోట్లకి మించకుండా. ఇక తెర పగిలిపోయి, మంటలు లేచి, లోగో గిరగిరా తిరిగే ట్రాన్సిషన్ల (క్లిప్పుకీ క్లిప్పుకీ మధ్య వేసే ఎఫెక్టుల) గురించి: యాప్‌లో ఉన్నాయి కాబట్టి వాడాలనేం లేదు.

అడ్డమా, నిలువా?

లెక్క చెబుతాను, మీరే తేల్చుకోండి. 1080పీలో అడ్డంగా తీసిన వీడియోని నిలువుకి కత్తిరిస్తే మిగిలే వెడల్పు దాదాపు 607 పిక్సెళ్లు. దాన్ని సాగదీస్తే మసకబారుతుంది. 4కేలో తీసినదైతే 1215 మిగులుతుంది, నిలువు వీడియోకి కావాల్సిన 1080 కన్నా ఎక్కువే. స్పష్టత సంగతి సరే, ఫ్రేములో మూడింట రెండొంతులు పోతుంది. పాస్ ఇచ్చినవాడు ఉంటే అందుకున్నవాడు ఉండడు.

ఫుట్‌బాల్, హాకీ, బాస్కెట్‌బాల్‌కి అడ్డమే. నిలువులో కావాలంటే ఒకరిద్దరే ఉండే క్షణాలు ఏరండి: పెనాల్టీ, ఫ్రీ త్రో, సర్వీస్, వికెట్ పడ్డ బంతి. అసలు వీడియో అడ్డంగా చేసి, అందులోంచి ఇలాంటివి మూడు నాలుగు తీసి అర నిమిషం నిలువు వీడియోగా విడిగా పెట్టుకోవడం నాకు సరిగ్గా అనిపించే దారి.

పాట పెట్టాలా, మైదానం శబ్దం ఉంచాలా?

రెండూ కావాలి, కానీ చాలా వీడియోల్లో పాట వేసి అసలు శబ్దాన్ని పూర్తిగా మ్యూట్ చేసేస్తారు. అక్కడే ప్రాణం పోతుంది. బంతి బ్యాటుకి తగిలిన చప్పుడు, షూ కోర్టు మీద కీచుమనడం, "నాది నాది!" అని అరుపు, ఇవన్నీ ఉంచాలి. చేయాల్సింది ఇంతే: దాడి జరుగుతున్నంతసేపూ పాట నడవనివ్వండి, తన్నడానికి కాస్త ముందు పాటని బాగా తగ్గించి, తన్నిన చప్పుడూ కేకలూ పూర్తిగా వినిపించి, సంబరం సగంలో ఉండగా పాటని మళ్లీ లేపండి. ఇంకో చిట్కా: కొత్త క్లిప్పు బొమ్మ రావడానికి అర సెకను ముందే దాని విజిల్ వినిపించండి. అతుకు తెలియదు. అసలు శబ్దంలో పెద్దవాళ్ల తిట్లు, రిఫరీ మీద విసుర్లు కూడా ఉంటాయి కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి మొత్తం వినాలి.

పాట ఏదన్నది యూట్యూబ్‌లో పెడతారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. డబ్బిచ్చి కొన్న పాట అయినా, కింద పేరు రాసినా, అది వీడియోలో వాడే హక్కు ఇవ్వదు. యూట్యూబ్ వాడే కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ పాటని గుర్తుపడుతుంది. ఆపై హక్కుదారుడు వీడియోని ఆపేయొచ్చు, దాని మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోని సంగీతం వాడితే ఈ గొడవ ఉండదు. కొన్నిటికి పేరు రాయాలని షరతు ఉంటుంది, అది చూసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో టీమ్ పేజీ బిజినెస్ అకౌంట్ అయితే సినిమా పాటలు, హిట్ పాటలు చాలావరకు దొరకవు, ముందే తెలుసుకుంటే మంచిది.

నిడివి

ఒక మ్యాచ్‌కి ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు. సీజన్‌కి నాలుగైదు. సెలెక్టర్‌కి మూడు. ఇంకా మంచి క్లిప్పులు మిగిలిపోయాయని బాధ ఉంటే అవన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి గ్రూపులో లింకివ్వండి.

పంపించే ముందు

ఇది పిల్లల వీడియో. అందరి ఇళ్ల నుంచీ ముందే అనుమతి అడగాలి. ఎవరైనా వద్దంటే కారణం అడక్కుండా ఆ పిల్లలున్న క్లిప్పులు తీసేయాలి. అవతలి టీమ్ పిల్లలు పొరబాటు చేసి కిందపడ్డ క్లిప్పులు, ఏడుస్తున్న ముఖాలు నవ్వు కోసం వాడకూడదు. పూర్తి పేరు, స్కూలు పేరు, ప్రాక్టీస్ ఎక్కడ ఎన్నింటికి అన్న వివరాలు తెర మీద ఉండకూడదు. టీమ్ వీడియోలో జెర్సీ నంబరు చాలు.

యూట్యూబ్‌లో ప్రైవేట్ పెడితే మీరు ఈమెయిల్‌తో పిలిచినవాళ్లే చూడగలరు, కానీ తాతయ్యలకీ అమ్మమ్మలకీ అకౌంట్‌తో లాగిన్ కావడం ఒక ప్రహసనం. అన్‌లిస్టెడ్ అయితే లింకున్న ఎవరైనా చూడొచ్చు, వెతికితే మాత్రం దొరకదు. చాలా టీమ్‌లకి అన్‌లిస్టెడ్ సరిపోతుంది, లింకు బయటికి పోయే అవకాశం ఉందని అందరికీ చెప్పాక. ఒక్క ఇంటివాళ్లు ఒప్పుకోకపోయినా ప్రైవేటే.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియోని కుదించేసి నాణ్యత తగ్గిస్తుంది. డాక్యుమెంట్‌గా జతచేస్తే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. 1080పీ, 60 ఫ్రేముల వీడియోకి యూట్యూబ్ సూచించే సెకనుకి 12 మెగాబిట్ల బిట్‌రేట్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే మూడు నిమిషాలకి దాదాపు 270 ఎంబీ అవుతుంది. గ్రూపులో అందరికీ అంత డౌన్‌లోడ్ చేసే ఓపికా, ఫోన్లో చోటూ ఉండవు. వాళ్లకి లింకు ఇచ్చి, ఫైలు కావాలన్నవాళ్లకే డాక్యుమెంట్ పంపండి. సెలెక్టర్‌కి మాత్రం ఎప్పుడూ లింకే, అదీ మీ అకౌంట్ లేని వేరే ఫోన్లో తెరుచుకుంటుందో లేదో చూసుకున్నాక.